ఎంటర్ కొట్టే ముందు ఒక్క క్షణం

(అనంతపురంలో ఒక ఆదివారం ఉదయం, డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల శిక్షణ తరగతి మొదలయ్యే ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను శబ్దం ఎక్కువగా ఉంటే ఒకటి ఆపేయండి. తెర కనపడనివాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చోండి, మొహమాటం వద్దు. ఈరోజు చెవులకన్నా కళ్ళకి పని ఎక్కువ. కళ్ళకన్నా వేళ్ళకి ఇంకా ఎక్కువ.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు... నలుగురు. సరే. ఈ వారంలో బ్రౌజర్ తెరిచినవాళ్ళు ఎంతమంది? అందరూ ఎత్తారు. అంటే పనిముట్లన్నీ మీ అందరి దగ్గరా ఉన్నాయి. పెట్టె తెరిచి చూడలేదంతే. ఇప్పుడు తెరుద్దాం.

కీబోర్డు పైవరుసలో ఎఫ్ 12 అనే మీట ఉంటుంది. క్రోమ్ గానీ, ఎడ్జ్ గానీ, ఫైర్‌ఫాక్స్ గానీ తెరిచి అది నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. పక్కనో కిందో ఇంకో భాగం తెరుచుకుంటుంది. అందులో పైన కన్సోల్ అని రాసి ఉంటుంది, అక్కడ నొక్కండి. చిన్న బాణం గుర్తు, పక్కన మినుకుమినుకుమంటూ కర్సర్. అంతే. బ్రౌజర్‌కి అర్థమయ్యే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్, దానికి అదే గుమ్మం. ఏమీ డౌన్‌లోడ్ చేయలేదు, ఎవరికీ డబ్బు కట్టలేదు. నెట్ పోయినా ఇది పనిచేస్తుంది.

అక్కడ 40 ప్లస్ 42 అని కొట్టి ఎంటర్ నొక్కాను. 82. ఇందులో వింతేమీ లేదు. ఇప్పుడు 40కి అటూ ఇటూ కోట్స్, అంటే కొటేషన్ గుర్తులు పెడుతున్నాను, 42కి కూడా అటూ ఇటూ కోట్స్. మధ్యలో అదే ప్లస్. ఎంటర్ కొట్టడం లేదు. ఆగాను. ఏం వస్తుంది? నోటితో చెప్పండి. తప్పైనా సరే, చెప్పండి. 82 అంటున్నారు ఇటువైపు. ఎర్రర్ వస్తుందంటోంది ఆ అమ్మాయి. ఇంకా ఎవరైనా? సరే, కొడుతున్నాను.

4042.

చూశారా? 82 అని చెప్పినవాళ్ళకి లోపల చిన్న కుదుపు వచ్చింది కదా? "అదేంటి?" అనిపించింది కదా? ఆ కుదుపు కోసమే నేను ఎంటర్ దగ్గర ఆగాను. ఏమీ అనుకోకుండా కొట్టేసి ఉంటే, 4042 చూసి "ఓహో, అలా వస్తుందన్నమాట" అనుకుని ముందుకెళ్ళిపోయేవాళ్ళు. రేపటికి గుర్తుండదు. ముందే ఒక జవాబు చెప్పి, అది తప్పిందనుకోండి, ఇక మర్చిపోరు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. దీన్నే పది రకాలుగా చెబుతాను.

సంగతేమిటంటే, కోట్స్ మధ్య ఉన్నది బ్రౌజర్ దృష్టిలో అంకె కాదు, రాత. రెండు రాతల మధ్య ప్లస్ పెడితే అతికించమని అర్థం. నలభై పక్కన నలభై రెండు అతికించింది, 4042 అయింది. మరి అదే కోట్స్ ఉంచి, మధ్యలో ప్లస్ తీసేసి మైనస్ పెడితే? 42 మైనస్ 40. చెప్పండి. ఇప్పుడెవరూ తొందరపడటం లేదు, మంచిదే. కొడుతున్నాను... 2 వచ్చింది. సరిగ్గా వచ్చింది! రాతలోంచి రాత తీసెయ్యడం అనేది లేదు కాబట్టి, మైనస్ కనిపిస్తే బ్రౌజర్ ఆ రెండిటినీ అంకెలుగా మార్చుకుంది. ప్లస్ దగ్గర మాత్రం అతికించే పని కూడా ఉంది కాబట్టి అతికించింది.

నేను మొదట నేర్చుకున్న పద్ధతి గురించి చెప్పాలి. డిగ్రీ అయ్యాక ఒక కోచింగ్ సెంటర్‌లో ఆరు నెలల కోర్సు చేరాను. సార్ బోర్డు మీద ప్రోగ్రాం రాసేవారు, మేం లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాళ్ళం. కంప్యూటర్ ముందుకి వెళ్ళేది వారానికి ఒక గంట, అదీ ఒక మెషీన్‌కి ముగ్గురం. నోట్‌బుక్ నిండిపోయింది. పరీక్ష రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఇంటికొచ్చి ఖాళీ ఫైల్ తెరిచి కూర్చుంటే ఒక్క లైను రాలేదు. ఒక్క లైనంటే ఒక్కటి. ఆ సాయంత్రం నాకు చాలా బాధేసింది, ఆరు నెలల ఫీజు మా నాన్న ఎలా కట్టాడో నాకు తెలుసు కాబట్టి. ఇక్కడ కూర్చున్న ఏ ఒక్కరికీ ఆ సాయంత్రం రాకూడదు. అందుకే వచ్చాను.

తర్వాత నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పెద్ద విషయమేమీ కాదు. రెండు రూళ్ళ నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత. ఎడమవైపు "అనుకున్నది", కుడివైపు "వచ్చింది". ప్రతి లైను కొట్టే ముందు ఎడమవైపు రాస్తాను. కొట్టాక కుడివైపు. రెండూ ఒకటే అయితే వదిలేస్తాను. వేరైతే చుట్టూ గీత గీస్తాను. రాత్రి పడుకునే ముందు ఆ గీత గీసినవి మాత్రమే చదివేవాణ్ణి. పాఠ్యపుస్తకం అందరికీ ఒకటే ఉంటుంది, కానీ ఈ నోట్‌బుక్ మీకు ఏది రాదో అదే చెబుతుంది. ఇంతకన్నా మంచి పుస్తకం నాకు దొరకలేదు.

ఇప్పుడు ఈ 4042 నాకు ఎక్కడ తగిలిందో చెబుతాను. మా మామయ్య సెనక్కాయల మండీలో చిట్టా రాస్తాడు. తూకం, ధర, రైతుకి రావలసిన డబ్బు. నేను కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఆయన కోసం ఒక పేజీ చేశాను. ఒక పెట్టెలో తూకం వెయ్యాలి, ఇంకో పెట్టెలో కేజీ ధర వెయ్యాలి, బటన్ నొక్కితే మొత్తం వస్తుంది. ఒక్క మూటతో చూశాను. 40 కేజీలు, లెక్క కోసం కేజీ 60 రూపాయలనుకోండి. 2,400 వచ్చింది. సరిగ్గా ఉంది. ఇంకో మూట వస్తే ఎలా అని రెండో తూకానికి ఇంకో పెట్టె చేర్చాను. రెండూ కూడి ధరతో గుణించమన్నాను. మామయ్య 40, 42 వేసి బటన్ నొక్కి, నావైపు తిరిగి, "ఏంరా అల్లుడూ, రెండు మూటలకి రెండు లక్షల నలభై రెండు వేల ఐదొందల ఇరవైయా?" అన్నాడు.

రావలసింది 4,920. వచ్చింది 2,42,520. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. పెట్టెలో మనిషి టైపు చేసింది ఏదైనా సరే, బ్రౌజర్ దాన్ని రాతగానే మనకి అందిస్తుంది. ఒక్క మూట ఉన్నప్పుడు నేను చేసింది గుణకారం. గుణకారం కూడా మైనస్ లాంటిదే, రాతని అంకెగా మార్చేసుకుంటుంది. అందుకే తప్పు బయటపడలేదు. రెండో మూట రాగానే ప్లస్ వచ్చింది, 40 పక్కన 42 అతికింది, నాలుగు వేల నలభై రెండు కేజీలు అయ్యాయి. మందు చిన్నదే. ఒక్కో పెట్టెలోంచి వచ్చినదాన్ని ముందు నంబర్ అనే ఫంక్షన్‌లో వేసి, అంకెగా మార్చి, అప్పుడు కూడాలి.

ఇక్కడ గమనించండి. బ్రౌజర్ ఎర్రర్ చూపించిందా? లేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయా? రాలేదు. పేజీ చక్కగా పనిచేసినట్టే కనిపించింది. మామయ్యకి నోటి లెక్క వచ్చు కాబట్టి పట్టుకున్నాడు. ఎర్ర అక్షరాలు వస్తే మీరు భయపడతారు, టెన్షన్ పడతారు. నేనంటాను, ఎర్ర అక్షరాలు రావడం మీ అదృష్టం. అది మీకు తప్పు ఎక్కడుందో లైన్ నంబరుతో సహా చెబుతోంది. మాట్లాడకుండా తప్పు జవాబు ఇచ్చేదే ప్రమాదం. దాన్ని పట్టుకోవాలంటే జవాబు మీకు ముందే తెలిసి ఉండాలి. అందుకే మొదటి లెక్క ఎప్పుడూ నోటితో చెప్పగలిగినదే వెయ్యండి. మళ్ళీ అక్కడికే వచ్చాం. ముందు అనుకోవాలి, తర్వాత కొట్టాలి.

మరి ఈ ప్లస్ సంగతి సరిచేయకుండా ఇన్నేళ్ళు ఎందుకు వదిలేశారు అని ఎవరికైనా అనిపించిందా? మంచి ప్రశ్న. దానికోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. 1990లో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బర్నర్స్‌-లీ మొదటి బ్రౌజర్ రాశాడు. నాకు అందులో బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ బ్రౌజర్లో పేజీ చదవడమే కాదు, అందులోనే పేజీ రాయొచ్చు కూడా. అంటే బ్రౌజర్ పుట్టినప్పుడే చదవడం, రాయడం రెండూ ఉన్నాయి. తర్వాతి కాలంలో మనకి చదవడం ఒక్కటే మిగిలింది. ఎఫ్ 12 నొక్కినప్పుడల్లా నాకు ఆ రెండో సగం తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

1995 మే నెలలో, అప్పట్లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని 10 రోజుల్లో తయారుచేశాడు. మొదట దాని పేరు మోచా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్, ఆ ఏడాది డిసెంబరుకి జావాస్క్రిప్ట్ అయింది. కాలేజీలో జావా చదివినవాళ్ళున్నారు కదా, పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి, వేరు వేరు భాషలు. అంత తొందరలో తీసుకున్న కొన్ని నిర్ణయాలు అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే అప్పటికే లోకమంతా దాంతో పేజీలు రాసుకుంది. ఇప్పుడు ప్లస్ అర్థం మారిస్తే ఆ పాత పేజీలు ఆగిపోతాయి. వెబ్‌లో పాతది పాడుచేయకూడదనేది పెద్ద కట్టుబాటు. ఆనాటి సాదా పేజీలు ఈరోజు మీ బ్రౌజర్లో కూడా తెరుచుకుంటాయి. దానికి మనం కట్టే చిన్న సుంకం ఈ 4042.

చేత్తో చేసే మొదటి పేజీ

ఇప్పటిదాకా కన్సోల్‌లో ఆడుకున్నాం. పేజీ మూసేస్తే అంతా పోతుంది. ఉండిపోవాలంటే ఫైల్ కావాలి. దీనికి నోట్‌ప్యాడ్ చాలు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉన్నా చాలు. ఫోన్‌లో అవుతుందా అని అడుగుతారు. చదవడానికి, వీడియోలు చూడటానికి ఫోన్ బాగుంటుంది. కొట్టడానికి కీబోర్డు ఉండాలి. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో రోజుకో అరగంట అడగండి. సిగ్గుపడకుండా అడగండి.

నోట్‌ప్యాడ్‌లో మొదటి చిక్కు సేవ్ చేసేటప్పుడే వస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చూడండి. ఫైల్‌కి మూట డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెడతారు. హెచ్‌టీఎంఎల్ అంటే ఇది వెబ్ పేజీ అని గుర్తు. రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్లో తెరుచుకోదు, మళ్ళీ నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటుంది. పేరు చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంటుంది. అసలు పేరు మూట డాట్ హెచ్‌టీఎంఎల్ డాట్ టీఎక్స్‌టీ. చివరి ముక్కని విండోస్ దాచేస్తుంది. అందుకని సేవ్ చేసేటప్పుడు కింద టైప్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. ఫోల్డర్లో వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకోండి. సేవ్ చేసే చోటే కింద ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలు దాచే పద్ధతి, అని కూడా ఉంటుంది, అక్కడ యూటీఎఫ్-8 ఉండాలి. పేజీ పైభాగంలో కూడా యూటీఎఫ్-8 అని ఒక లైను రాయాలి. లేదంటే తెలుగు అక్షరాలు ఒక్కోసారి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

రెండో చిక్కు ఇది. పేజీలో ఒక బటన్ పెట్టారు. అది నొక్కితే లెక్క చెయ్యమని స్క్రిప్ట్ రాశారు. అక్షరం తప్పు లేదు, బ్రాకెట్లు సరిపోయాయి. పేజీ తెరవగానే కన్సోల్‌లో ఎర్రగా ఒక వాక్యం. "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్." చాలామంది ఇక్కడే ల్యాప్‌టాప్ మూసేస్తారు. మూయకండి. ఆ వాక్యంలో ముఖ్యమైన మాట ఒక్కటే, నల్. నల్ అంటే ఏమీ లేదని. "నువ్వు తెమ్మన్న బటన్ కోసం వెతికాను, దొరకలేదు" అని చెబుతోంది. అదేంటి, బటన్ కళ్ళెదురుగా కనిపిస్తోంది కదా అంటారు. ఇప్పుడు కనిపిస్తోంది. అది వెతికినప్పుడు లేదు.

బ్రౌజర్ పేజీని మనలాగే పైనుంచి కిందికి చదువుతుంది. స్క్రిప్ట్ పైన ఉంది, బటన్ కింద ఉంది. స్క్రిప్ట్ చదివే సమయానికి బటన్ ఇంకా రాలేదు. క్లాసులో సార్ తొమ్మిదింటికే హాజరు తీసుకుంటే, బస్సు దిగి తొమ్మిదీ ఐదుకి వచ్చే పిల్లాడి పేరు పక్కన గైర్హాజరు పడుతుంది. పిల్లాడు వచ్చాడు, కానీ పేరు పిలిచినప్పుడు లేడు. అంతే సంగతి. స్క్రిప్ట్‌ని తీసుకెళ్ళి పేజీ చివర పెట్టండి, బటన్ దొరుకుతుంది. ఇంకో ఎర్ర వాక్యం కూడా వస్తుంది, ఫలానాది "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని. చాలాసార్లు అది పెద్దక్షరం, చిన్నక్షరం తేడా. గెట్ ఎలిమెంట్ బై ఐడీ అని కొట్టేటప్పుడు ఐ పెద్దది, డి చిన్నది. రెండూ పెద్దవి కొడితే బ్రౌజర్‌కి అది వేరే పేరు.

ధర్మవరం నుంచి వచ్చినవాళ్ళున్నారా? ఉన్నారు, ఐదారుగురు. మీ ఇళ్ళల్లో మగ్గం ఉందా? జాకార్డు చూశారా? అయితే మీరు ఈ విషయంలో మా అందరికన్నా ముందున్నారు. మగ్గం పైన అట్టలు వరసగా కట్టి ఉంటాయి కదా. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, రంధ్రం లేనిచోట లేవదు. అట్ట మారినప్పుడల్లా లేచే దారాలు మారతాయి, అంచు మీద నెమలో మామిడి పిందెలో పడుతుంది. ఆ పద్ధతిని 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జాకార్డు అనే ఆయన తెచ్చాడు. ఆ అట్టల ఆలోచనే తర్వాత ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం కోసం తీసుకున్నాడు. మన కంప్యూటర్ల కథలో అది పెద్ద మలుపు.

అట్టలో ఒక్క రంధ్రం తప్పితే ఏమవుతుంది? చెప్పమ్మా, నువ్వు చెప్పు. చీర పొడుగునా, ఆ డిజైన్ వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే తప్పు వస్తుంది. అవును. మనం లూప్‌లో, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ చెయ్యమని రాసే చోట, తప్పు రాస్తే జరిగేది అచ్చం అదే. వంద వరుసల పట్టికలో వంద చోట్లా అదే తప్పు ఉందంటే, వంద తప్పులు వెతకకండి, ఒకే ఒక్క అట్ట వెతకండి. ఇంకో మాట అడుగుతాను. మీ ఇంట్లో నేత ఎవరైనా నోట్స్ రాసుకుని నేర్చుకున్నారా? పక్కన కూర్చుని, దారం తెంపి, తిట్టు తిని, మళ్ళీ అతికి నేర్చుకున్నారు. ఇదీ అంతే.

అక్షరాలు, అంకెలు

ఇప్పుడు తెలుగుతో ఒక ఆట. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. కోట్స్ మధ్య ఒక ఊరి పేరు రాసి, చివర డాట్ లెంగ్త్ అని కొడితే ఎన్ని అక్షరాలో చెబుతుంది. కడప. ఎన్ని? మూడు అంటున్నారు. కొడుతున్నాను. 3. సరిపోయింది. అనంతపురం. ఎన్ని? అ, నం, త, పు, రం. ఐదు. అందరూ ఐదేనా? నోట్‌బుక్‌లో ఐదు అని రాసుకోండి. కొడుతున్నాను.

8.

గీత గీయండి దాని చుట్టూ! కర్నూలు చూద్దాం. క, ర్నూ, లు. మనకి మూడు. బ్రౌజర్‌కి? 7. ఎందుకు? మనం చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుణింతం గుర్తు తెచ్చుకోండి. యూనికోడ్ అంటే అన్ని లిపుల అక్షరాలకీ అంకెలు ఇచ్చే పట్టిక. అందులో క అనే అక్షరానికి ఒక అంకె, కొమ్ముకి వేరే అంకె, సున్నకి వేరే అంకె, ఒత్తు రావడానికి మధ్యలో పెట్టే పొల్లుకి ఇంకో అంకె. అ అంటే 3077, క అంటే 3093. పు అంటే మనకి ఒక అక్షరం, లోపల మాత్రం ప, దాని పక్కన కొమ్ము, రెండు. కర్నూలులో క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. లెక్కపెట్టండి, ఏడు.

ఇప్పుడు తిరగేద్దాం. రాతని ముక్కలు చేసి, వెనక నుంచి ముందుకి పేర్చి, మళ్ళీ అతికించమని ఒక లైను ఉంది, తెర మీద చూడండి. కడప తిరగేస్తే? పడక వస్తుంది. బాగుంది! కర్నూలు తిరగేస్తే? లునూర్క అంటున్నారు, లుర్నూక అంటున్నారు. కొడుతున్నాను. చూశారా, మొదట్లో చుక్కల సున్నా ఒకటి వచ్చి, దానికి కొమ్ము వేలాడుతోంది. తర్వాత లూన్రక. ల కొమ్ము ల నుంచి విడిపోయి ముందుకి వచ్చేసింది, పట్టుకోవడానికి అక్షరం లేక చుక్కల సున్నా పట్టుకుంది. నూలో ఉన్న దీర్ఘం వెళ్ళి ల మీద కూర్చుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే సాధన చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. రేపు మీరు ఏదైనా ఫారం తయారుచేసి "పేరు పది అక్షరాలు మించకూడదు" అని పెడితే, తెలుగులో పేరు రాసే మనిషికి ఐదో అక్షరం దగ్గరే అడ్డం పడొచ్చు. మన పేర్లు మన లిపిలో సరిగ్గా పట్టే పేజీలు మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇంకో మాట. వేరియబుల్ అంటే ఒక విలువని దాచుకోవడానికి మనం పెట్టుకునే పేరు. ఆ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. లెట్ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన ధర అని తెలుగులో రాసి, ఈక్వల్‌టు 60 అనండి. బ్రౌజర్ ఒప్పుకుంటుంది. మొదటి రెండు వారాలు ఇలాగే చెయ్యమని నేను చెబుతాను. ఉద్యోగంలో పదిమందితో కలిసి రాసేటప్పుడు ఇంగ్లీషు పేర్లే పెడతారు, అది తర్వాతి సంగతి. ముందు తెలుగులో పెడితే లాభమేమిటంటే, ఏ మాట భాషది, ఏ మాట మనది అనేది కంటికి కనిపిస్తుంది. లెట్, ఇఫ్, ఫంక్షన్ వాళ్ళవి. ధర, తూకం, మొత్తం మనవి. మొదట్లో చాలామందికి ఈ తేడా తెలియకే అంతా మంత్రంలా కనిపిస్తుంది. అంకెలు మాత్రం 40 అనే రాయాలి. ౪౦ అని తెలుగు అంకెలు వేసి నంబర్ చేయమంటే ఎన్ఏఎన్ అని వస్తుంది. ఇది అంకె కాదు అని దాని అర్థం.

ఇంకొక్క ప్రయోగం చెప్పి ముగిస్తాను. పరీక్ష ఫలితాల పేజీ అందరూ చూసి ఉంటారు. మీ మార్కుల మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే, ఆ అంకె పేజీలో ఎక్కడ రాసి ఉందో చూపిస్తుంది. దానిమీద రెండుసార్లు నొక్కి 58ని 98 చేయొచ్చు. తెర మీద 98 అని వస్తుంది. ఇప్పుడు పేజీ రిఫ్రెష్ చేస్తే? చెప్పండి. అవును, మళ్ళీ 58. మీరు మార్చింది మీ బ్రౌజర్‌కి వచ్చిన నకలు. అసలు పట్టిక ఎక్కడో సర్వర్‌లో, అంటే పేజీలు పంపించే వాళ్ళ కంప్యూటర్‌లో ఉంది, దాన్ని మీరు ముట్టుకోలేదు. నకలు మీ దగ్గర, అసలు వాళ్ళ దగ్గర. ఇది అర్థమైతే వెబ్‌లో సగం అర్థమైనట్టే. అలాగే, డబ్బు పంపినట్టు ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే అది రుజువు కాదని కూడా ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి. ఎంత సులువుగా మారుతుందో ఇప్పుడే చూశారు.

ఒక జాగ్రత్త. ఎవరో పంపిన కోడ్‌ని మీ అకౌంట్ తెరిచి ఉన్న పేజీ కన్సోల్‌లో అతికించకండి. ఆ పేజీలో మీరు చేయగలిగినవన్నీ అది కూడా చేయగలదు. ఫేస్‌బుక్ తెరిచి ఎఫ్ 12 నొక్కి చూడండి, ఆగు అని పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. అది అందుకే.

ఏఐని అడిగి రాయించుకోవచ్చా అని పొద్దున ఇద్దరు అడిగారు. అడగండి, తప్పేమీ లేదు. కానీ అది ఇచ్చింది కాపీ చేసి అతికించకండి. పక్కన పెట్టుకుని మీ వేళ్ళతో కొట్టండి. ప్రతి లైను దగ్గర ఆగి, ఇది ఏం చేస్తుందో ఎడమవైపు రాసుకోండి. రాయలేకపోతే ఆ లైను మీకు ఇంకా రాలేదన్నమాట. దాని గురించే మళ్ళీ అడగండి.

సరే, ఇక మాటలు చాలు. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు కొట్టాలి, ఇంకొకరు ఏం వస్తుందో ముందు బయటికి చెప్పాలి. పావుగంటకోసారి చోటు మారండి. చెప్పకుండా ఎంటర్ కొడితే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపాలి. మీరు చేయవలసింది మా మామయ్య పేజీయే. రెండు తూకాల పెట్టెలు, ఒక ధర పెట్టె, "లెక్క చూడు" అని ఒక బటన్. అన్నం టైంలోపు అందులో 40, 42, 60 వేస్తే 2,42,520 రావాలి. అవును, ముందు తప్పే రావాలి. అది మీ కళ్ళతో చూసి, నోట్‌బుక్‌లో గీత గీశాకే నంబర్ అనే మాట చేర్చండి. వెనక వరుసలో ప్లగ్గులు తక్కువున్నాయి, ఛార్జింగ్ లేనివాళ్ళు కిటికీ వైపు రండి. ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ మర్చిపోకండి. కానివ్వండి.